కొండకల్‌లో రెండు వైఫై పెట్టెలు

పెద్దమ్మ ఇంట్లో వైఫై పెట్టె ముందుగది దర్వాజ మీద ఉంటుంది, వెంకటేశ్వరస్వామి పటం పక్కన. కేబుల్ పిల్లగాడు వీధి స్తంభం నుంచి తీగ లాగి, అది గోడలోంచి లోపలికి వచ్చిన చోటే మేకు కొట్టి పెట్టెను తగిలించి పోయాడు. మా తమ్ముడి ఇల్లు అదే ఊరి శివారులో కొత్తగా లేచిన విల్లాల్లో ఒకటి. అక్కడ వైఫై కోసం ప్రత్యేకంగా కొన్న తెల్లటి పెట్టెలు మూడు, అంతస్తుకొకటి. రెండిళ్ళ మధ్య నడిచిపోయేంత దూరం. మొన్న దసరాకు కొండకల్‌లో వారం రోజులు ఉన్నప్పుడు రెండు చోట్లా సెట్టింగ్స్ చూడవలసిన పని నా మీద పడింది. ఒక రోజు పెద్దమ్మ ఇంట్లో లాప్‌టాప్ ముందు, మరుసటి రోజు తమ్ముడి ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చున్నాను. రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చదివినట్టే ఆ రెండిళ్ళ పెట్టెల పేజీలనూ చదివాను. పుస్తకానికి పాఠకుడెవరో దాని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. వీటికీ అంతే. పాత పేజీ తనను చదివేవాడు టెక్నీషియన్ అనుకుంది. కొత్త యాప్ ఖాతాదారు అనుకుంది. ఇంటి యజమానితో మాట్లాడుతున్నామన్న ఊహ రెండింటిలోనూ లేదు. ఈ వ్యాసం ఆ లోటు గురించే.

ముందు ఊరి సంగతి కొంచెం. శంకర్‌పల్లి మండలంలోని కొండకల్ పేరు 2023 జూన్ 22న రాష్ట్రమంతా వినబడింది. మేధా సంస్థ కట్టిన రైలు కోచ్ ఫ్యాక్టరీ ప్రారంభమైన రోజది. ఫ్యాక్టరీ వచ్చే ఊళ్ళో అద్దె గదులకు గిరాకీ ఉంటుంది. పెద్దమ్మ కూడా పెంకుటింటి పక్కన స్లాబు వేయించి, పైన రెండు గదులు కట్టించి పనిచేసే పిల్లలకు ఇచ్చింది. అద్దెతో పాటు వైఫై కూడా కలిపే ఇస్తుంది. ఇప్పుడు ఆ ఇంటి ఇంటర్నెట్ మీద ఆమె ఫోను, టీవీ, గేటు మీది కెమెరా, పైన నలుగురు పిల్లల ఫోన్లు, వాళ్ళ దోస్తులు వస్తే వాళ్ళవీ నడుస్తున్నాయి. కనెక్షన్ మాత్రం ఆమె పేరు మీదే ఉంది.

ఇది చిన్న విషయం కాదు. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్ళకు ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్‌ను పోలీసులు వెతుక్కుంటూ పోతే, అది నవీ ముంబైలో పాస్‌వర్డ్ పెట్టని ఒక ఇంటి వైఫై దగ్గర తేలింది. ఆ ఇంట్లో ఉన్న విదేశీయుడికి ఆ మెయిల్‌తో సంబంధం లేదు. అయినా ముందు ప్రశ్నలు ఎదురైంది ఆయనకే. ఆ తర్వాతే, 2009లో, వైఫైని భద్రంగా నడపాలని టెలికాం శాఖ ఇంటర్నెట్ సంస్థలకు ఆదేశాలిచ్చింది. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటే పోలీసులు ముందు వాళ్ళ గడపే తొక్కుతారు. పెద్దమ్మకు ఇది చెప్పినప్పుడు ఆమె మొహంలో వచ్చిన భయం చూశాక, ఈ పనిని నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను.

ఇప్పుడు పేజీల దగ్గరికి వద్దాం. పెద్దమ్మ ఇంట్లో బ్రౌజర్ తెరిచి 192.168.1.1 అని కొడితే నీలం రంగు పేజీ ఒకటి వస్తుంది. పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. రెండూ పెట్టె అడుగున స్టిక్కర్ మీద ఉన్నాయి. లోపలికి పోతే ఎడమ పక్కన ఇరవై దాకా మెనూలు, అన్నీ ఇంగ్లీషులో, సగం పొడి అక్షరాల్లో. ఎన్‌క్రిప్షన్ అన్న గడిలో చూపిన వరుస ఇదీ: ఏదీ లేదు, డబ్ల్యూఈపీ, డబ్ల్యూపీఏ, డబ్ల్యూపీఏ2, చివరి రెండూ కలిపినది. ఇవన్నీ తాళాల పేర్లు. వీటిలో డబ్ల్యూఈపీ 1990ల చివరలో వచ్చింది. దాన్ని ఎలా విప్పవచ్చో 2001లోనే ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు లోకానికి చూపించారు. 2003లో వచ్చిన డబ్ల్యూపీఏ, అసలైన తాళం తయారయ్యేదాకా వేసిన తాత్కాలికపు గొళ్ళెం. 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చింది. విరిగిన తాళాన్నీ, గొళ్ళేన్నీ, పనిచేసే తాళాన్నీ ఒకే సైజు అక్షరాల్లో ఒకదాని కింద ఒకటి పెట్టి, ఏది ఏదో చెప్పకుండా ఎంచుకోమంటుంది ఆ పేజీ. ఇల్లు కట్టుకున్నవాడి ముందు తుప్పు పట్టిన తాళాలు కూడా కుప్ప పోసి ‘నీ ఇష్టం’ అన్నట్టు. ఆ పెట్టెలో ముందే ఎంచి ఉన్నది చివరిది, ‘రెండూ కలిపినది’. దాంట్లో పాత టీకేఐపీ పద్ధతి కూడా తెరిచే ఉంటుంది. టీకేఐపీ మీద నడిచే ఫోనుకు వేగం సెకనుకు 54 మెగాబిట్లు దాటదు. పైనుండే పిల్లల్లో ఒకరిద్దరు ‘నెట్ స్లో’ అని మొత్తుకోవడానికి ఇదొక కారణం అయి ఉండవచ్చు. ఉత్త డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ అని మార్చాను.

తమ్ముడి ఇంట్లో యాప్ తెరిస్తే మొదట ఇంటి బొమ్మ, దాని కింద ‘అంతా బాగుంది’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. తాళం పేరు ఎక్కడా కనబడదు. వెతికితే నాలుగైదు తెరల లోపల దొరికింది. అక్కడ ఉన్నవి రెండే: డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3. రెండూ కలిపిన పద్ధతి ముందే పెట్టి ఉంది. చెడ్డ తాళాన్ని అసలు చేతికే ఇవ్వలేదు. ఇక్కడ కొత్త పేజీ గొప్పదని ఒప్పుకోవాలి. విరిగినదాన్ని ఎంచుకునే హక్కు ఎవరికీ అక్కరలేదు.

డబ్ల్యూపీఏ3 వల్ల ఒరిగేదేమిటో పెద్దమ్మ ఇంటి కథతోనే చెప్పాలి. పాస్‌వర్డ్ ఏమిటని నేనడిగితే ఆమె అన్నది:

“నాకేమెరుక బిడ్డా, నా ఫోన్ నంబరే పాస్‌వర్డ్ అని చెప్పిండు ఆ పిలగాడు. మర్శిపోకుంట ఉంటదని అట్ల పెట్టిండట.”

బయటికొచ్చి గేటు చూశాను. ‘రూములు అద్దెకు ఇవ్వబడును’ అన్న రేకు మీద ఎర్ర రంగుతో అదే నంబరు రాసి ఉంది. ఇంటి వైఫై పాస్‌వర్డ్ వీధిలో పోయే ప్రతివాడికీ కనబడేలా గేటుకు వేలాడుతోంది.

రేకు లేకపోయినా పెద్ద తేడా ఉండదు. మన మొబైల్ నంబరుకు పది అంకెలు. మొదటిది 6, 7, 8, 9లలో ఒకటి. అంటే మొత్తం 400 కోట్ల నంబర్లు. డబ్ల్యూపీఏ2లో ఫోను, పెట్టె కలుసుకున్నప్పుడు వాటి మధ్య నాలుగు సందేశాలు నడుస్తాయి. వీధిలో నిలబడ్డవాడు కూడా వాటిని పట్టుకోవచ్చు. పట్టుకున్నాక మళ్ళీ మన గడపకు రానక్కరలేదు. వాడి ఇంట్లో కూర్చుని ఒక్కో నంబరూ వేసి సరిపోయిందా లేదా అని చూసుకోవచ్చు. గేములాడే పిల్లలు కొనుక్కునే మంచి గ్రాఫిక్స్ కార్డు ఒకటి సెకనుకు పది లక్షలకు పైగా పాస్‌వర్డులు సరిచూడగలదు. ఆ లెక్కన 400 కోట్లూ గంటా పది నిమిషాల లోపే అయిపోతాయి. ఇది కాగితం మీది భయం కాదు. 2021లో సైబర్‌ఆర్క్ సంస్థ పరిశోధకుడు ఇడో హూర్విచ్ టెల్ అవీవ్ వీధుల్లో 5,000 వైఫైల సంకేతాలు పోగుచేసి, వాటిలో 3,500కు పైగా పాస్‌వర్డులు విప్పాడు. అక్కడ కూడా జనానికి ఫోన్ నంబరే పాస్‌వర్డుగా పెట్టుకునే అలవాటు ఉంది. మన కేబుల్ పిల్లగాళ్ళ అలవాటూ, వాళ్ళ అలవాటూ ఒకటే.

2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 మూసేసింది ఈ దారినే. అందులో ప్రతి ఊహనూ పెట్టెనే అడిగి తేల్చుకోవాలి. ఇంటికి తీసుకుపోయి తీరిగ్గా సరిచూసుకునే వీలు లేదు. తలుపు దగ్గర నిలబడి ఒక్కో తాళంచెవీ తిప్పి చూడాలన్నమాట. అయితే తమ్ముడి ఇంట్లోలాగ డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపి పెట్టినప్పుడు పాత ఫోను పాత దారిలోనే వస్తుంది. పాత దారి తెరిచి ఉన్నంతకాలం పాస్‌వర్డ్ గట్టిదే కావాలి. ఈ ముక్క ఆ యాప్ ఎక్కడా చెప్పదు. ‘అంతా బాగుంది’ అంటుందంతే. తమ్ముడి పాస్‌వర్డ్ కూతురు పేరు, పక్కన ఆమె పుట్టిన సంవత్సరం.

పాస్‌వర్డ్ విషయంలో మన భాష మనకు సాయం చేస్తుందని ఆ వారంలోనే నాకు తోచింది. వైఫై పాస్‌వర్డులో తెలుగు అక్షరాలు కుదరవు. ఎనిమిది నుంచి 63 దాకా ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ గుర్తులే ఉండాలి. కానీ తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవచ్చు కదా. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు మాటలు పెద్దమ్మనే చెప్పమన్నాను. ఒక పంట, ఒక వంటింటి సామాను, ఒక పిట్ట, వాళ్ళ పుట్టింటి వైపు ఒక వాగు. నాలుగూ కలిపితే ముప్పై అక్షరాలు దాటాయి. ఆమెకు ఒక్కసారికే కంఠతా వచ్చింది. పైనున్న పిల్లల్లో ఒడిశా అబ్బాయి మాత్రం రాసివ్వమన్నాడు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. నెట్‌వర్క్ పేరుకు 32 బైట్ల జాగా ఉంటుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ఒక్కో అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడు బైట్లు కావాలి. ‘కొండకల్’ అన్న పేరును యంత్రం ఏడు ముక్కలుగా లెక్కపెడుతుంది, అంటే 21 బైట్లు. పట్టేసింది. దాని పక్కన ‘పెద్దమ్మ’ చేరిస్తే 46 అవుతుంది, పట్టదు. తమ్ముడి యాప్ తెలుగు పేరు తీసుకుంది. ఫోన్లో వైఫైల జాబితాలో ఇంగ్లీషు పేర్ల మధ్య ఊరి పేరు తెలుగులో కనబడగానే తమ్ముడి కూతురు చప్పట్లు కొట్టింది. పెద్దమ్మ పెట్టె తెలుగును ఒప్పుకోలేదు, ఎర్ర అక్షరాల్లో తప్పు చూపింది. హైదరాబాదులో కూర్చుని వైఫై చిప్పులు గీసిన రెడ్‌పైన్ సిగ్నల్స్ లాంటి కంపెనీలు మనకున్నాయి. 2020లో అమెరికాకు చెందిన సిలికాన్ ల్యాబ్స్ రెడ్‌పైన్ వైఫై వ్యాపారాన్ని 30.8 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. చిప్పు గీయగల ఊరికి గంట దూరంలో ఉన్న ఇంట్లో, అలాంటి చిప్పుల మీద నడిచే పేజీలో ఒక్క తెలుగు మాట లేదు. నాకిది బాధ కలిగించింది. ఇంటి తాళం మీది రాత ఇంటివాళ్ళ భాషలో ఉండాలని కోరడం పెద్ద కోరికేమీ కాదు.

పేరు దాచిపెట్టడం, పరికరాల గుర్తింపు నంబర్లయిన మ్యాక్ అడ్రసుల జాబితా రాసుకుని వాటినే రానివ్వడం: ఈ రెండూ పాత పేజీలో ఉన్నాయి, కొందరు గట్టిగా నమ్ముతారు కూడా. నేను వాటి జోలికి పోలేదు. దాచిన పేరు గాలిలో వినేవాడికి దొరుకుతూనే ఉంటుంది. ఇప్పటి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో కొత్త మ్యాక్ అడ్రసు చూపుతాయి.

పాత పెట్టె వెనక, పాస్‌వర్డ్ కొట్టకుండానే ఫోనును కలుపుకోవడానికి, డబ్ల్యూపీఎస్ అని ఒక మీట ఉంది. దానికి జోడుగా ఎనిమిదంకెల పిన్ ఉంటుంది. ఎనిమిదంకెలంటే పది కోట్లని మనం అనుకుంటాం. చివరి అంకె మిగతావాటిని లెక్కగట్టి వచ్చేదే. పైగా పెట్టె మొదటి నాలుగంకెలు సరిపోయాయా లేదా అన్నది విడిగా చెప్పేస్తుంది. కాబట్టి పదివేలు, ఆ తర్వాత వెయ్యి, మొత్తం 11,000 ప్రయత్నాలు చాలు. 2011 డిసెంబరులో స్టెఫాన్ ఫీబక్ దీన్ని బయటపెట్టాడు. పాస్‌వర్డులో పిట్టలూ వాగులూ పెట్టి ముప్పై అక్షరాలకు పెంచినా, ఈ పక్క తలుపు తెరిచి ఉంటే అంతా వృథా. పెద్దమ్మ పెట్టెలో అది తెరిచే ఉంది. మూసేశాను. తమ్ముడి పెట్టెల్లో అసలు ఆ మీటే లేదు.

ఇంతవరకూ కొత్త పెట్టెదే పైచేయి. మరో విషయంలోనూ అంతే. 2017 అక్టోబరులో బెల్జియం పరిశోధకుడు మ్యాథీ వాన్‌హూఫ్ డబ్ల్యూపీఏ2లోనే ఒక లోపం చూపించాడు. దాన్ని సరిచేయడానికి పాస్‌వర్డ్ మార్చితే చాలదు, పరికరం లోపలి సాఫ్ట్‌వేర్ మారాలి. తమ్ముడి పెట్టెలు రాత్రి మూడింటికి తమంతట తామే మార్చుకుంటాయి. పెద్దమ్మ పెట్టె సాఫ్ట్‌వేర్ తేదీ చూస్తే ఆరేళ్ళ కిందటిది. మార్చే మీట ఆ పేజీలో లేదు.

ఎందుకు లేదని వెతికితేనే నాకు అసలు సంగతి తెలిసింది. స్టిక్కర్ మీదున్న పాస్‌వర్డుతో తెరుచుకునేది సగం పేజీయే. దాని పైన ఇంకో అడ్మిన్ ఉంటాడు. సాఫ్ట్‌వేర్ మార్చడం, దూరం నుంచి కంపెనీ పెట్టెలోకి వచ్చే టీఆర్-069 అన్న దారిని చూడటం ఆ పెద్ద అడ్మిన్‌కే సాధ్యం. కేబుల్ పిల్లగాడికి ఫోన్ చేశాను.

“అన్నా, అది మా తాన గూడ ఉండదే. ఆఫీసోళ్ళ తాన్నే ఉంటది. మీకేం మార్చాల్నో చెప్పు, నేనొచ్చి మార్చిపోత.”

పక్కనే కూర్చున్న పెద్దమ్మకు ఈ రెండు పాస్‌వర్డుల తేడా ఎలా చెప్పాలో నాకు కాసేపు తోచలేదు. చివరికి ఇట్లా చెప్పాను: వైఫై పాస్‌వర్డ్ గేటు తాళంచెవి లాంటిది, వచ్చేవాళ్ళకు ఇస్తాం. అడ్మిన్ పాస్‌వర్డ్ పట్టా పాస్‌బుక్ లాంటిది. ఎకరం ధర విన్న తర్వాత కొండకల్‌లో పాస్‌బుక్‌ను బీరువాలో చీరల కింద పెట్టని ఇల్లు లేదు. ఆమెకు వెంటనే పట్టుబడింది.

“గట్లైతే నా పాస్‌బుక్ ఆళ్ళ తాన ఎందుకుండాలె?”

తర్వాత తనే ఒక్క నిమిషం ఆలోచించి, ఇంకా సూటైన ప్రశ్న వేసింది. “పెట్టె మనదేనా, ఆళ్ళదా?” రసీదు వెతికి తెచ్చింది. డిపాజిట్ అని రాసి ఉంది. పెట్టె కంపెనీదే. “అంటే కౌలే గదా,” అన్నది. ఈ విషయం మీద నేను చదివిన ఏ సాంకేతిక పుస్తకంలోనూ ఇంత సరైన మాట దొరకలేదు. స్టిక్కర్ మీద ఉన్నది పాస్‌బుక్ కాదు, కౌలు కాగితం.

కంపెనీ వైపు న్యాయం కూడా చెప్పాలి. పెద్దమ్మ లాంటి వేలమంది ఇళ్ళల్లో పెట్టె మొరాయిస్తే మనిషిని పంపకుండా దూరం నుంచే సరిచేయడానికి ఆ దారి పెట్టుకున్నారు. అది అవసరమే. అయితే ఆ తలుపు కాపలా సరిగా లేకపోతే ఏమవుతుందో 2016 నవంబరులో జర్మనీ చూసింది. మిరాయ్ అనే పురుగు కొత్త రూపమెత్తి ఆ దారి వాడే 7547 నంబరు తలుపు మీద పడితే, డాయిష్ టెలికాం ఖాతాదారుల్లో దాదాపు 9 లక్షల ఇళ్ళ పెట్టెలు మూలనపడ్డాయి. అదే మిరాయ్ అంతకుముందు అరవై చిల్లర మామూలు పాస్‌వర్డుల జాబితా పట్టుకుని లోకంలోని కెమెరాలనూ రౌటర్లనూ లొంగదీసుకుంది. తయారీలో పెట్టిన ఒకే మామూలు పాస్‌వర్డుతో ఇలాంటి పరికరాలు అమ్మకూడదని బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టం అమలు చేస్తోంది. మన దగ్గర కూడా అలాంటి నియమం ఊరి కేబుల్ ఆఫీసు దాకా దిగిరావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఊళ్ళకు ఫైబర్ తెచ్చిన తీరును కూడా, పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉందన్న ఈ కొలతతో చూడవచ్చు. ఆంధ్రప్రదేశ్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగింది. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో మొదలుపెట్టి, నెలకు 149 రూపాయలకు సెకనుకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్, 250 టీవీ చానళ్ళు, ఫోను ఇస్తామని చెప్పింది. తెలంగాణ మిషన్ భగీరథ నీళ్ళ గొట్టాల కోసం తవ్విన కందకాల్లోనే తీగ పరిచింది. 2024 డిసెంబరులో అడవి శ్రీరాంపూర్, సంగుపేట, మద్దూరు గ్రామాల్లో టీ-ఫైబర్ పేరుతో ఆ తీగ ఇళ్ళకు చేరింది. ఒకరు గాలిలో, ఒకరు భూమిలో. గాలివానకు ఏది తట్టుకుంటుంది, ఏది త్వరగా అయిపోతుంది అన్న చర్చ చాలా జరిగింది. తీగ చివర ఇంట్లో గోడకు తగిలించే పెట్టె గురించి, దాని పాస్‌వర్డ్ ఎవరి చేతికివ్వాలన్న దాని గురించి చర్చ నా చెవిన పడలేదు. మోరి అయినా మద్దూరు అయినా ఆ ప్రశ్న పెద్దమ్మ అడిగినదే.

ఇప్పుడు తమ్ముడి ఇంటికి మళ్ళీ వద్దాం. పెట్టెలు అతను డబ్బు పెట్టి కొన్నవి, రసీదు అతని పేరు మీద ఉంది. కాబట్టి పాస్‌బుక్ అతని దగ్గరే ఉందని అనుకున్నాను. యాప్‌లోంచి బయటికొచ్చి, మళ్ళీ లోపలికి పోవాలంటే కంపెనీ ఖాతా అడిగింది. ఇంట్లోని పెట్టె సెట్టింగ్ మార్చడానికి మాట ముందు ఎక్కడో ఉన్న కంపెనీ సర్వరుకు పోయి అక్కడినుంచి తిరిగి ఇంటికి వస్తుంది. ఆ సర్వరు ఉన్నంతకాలం అంతా హాయి. గూగుల్ 2015లో ఆన్‌హబ్ అనే రౌటరు తెచ్చింది. 2023 జనవరిలో దానికి మద్దతు ఆపేసింది. పెట్టె వైఫై ఇస్తూనే ఉంటుంది గానీ యాప్ నుంచి పాస్‌వర్డ్ మార్చుకునే వీలు పోయింది. డబ్బు పెట్టి కొన్నవాడికి కూడా చివరికి మిగిలింది కౌలే. పాత పేజీ ఎంత మొరటుదైనా, నెట్ పోయిన రోజు కూడా 192.168.1.1 అని కొడితే తెరుచుకుంటుంది. నా చేతికీ పెట్టెకూ మధ్య మూడో మనిషి లేడు. ఆ ఒక్క గుణానికి నేను దాని ఇంగ్లీషు పొడి అక్షరాలన్నిటినీ క్షమించగలను.

తమ్ముడి ఇంట్లో నాకు అంతకంటే ఆశ్చర్యం కలిగించింది ఇంకొకటుంది. ఫోన్లో వైఫైల జాబితా చూస్తే అతని పేరుతో ఉన్నది కాక, ఇంటర్నెట్ కంపెనీ పేరూ వెనక నాలుగంకెలూ ఉన్న ఇంకోటి నిండు సిగ్నల్‌తో కనబడింది. పక్కింటిది అనుకున్నాడు. కాదు. మెట్ల కింద కరెంటు బోర్డు అరలో, ఫైబర్ వచ్చి ఆగిన చోట, కంపెనీ బిగించిన పెట్టె ఒకటి ఉంది. అచ్చం పెద్దమ్మ ఇంట్లోది లాంటిదే. తమ్ముడి అందమైన మూడు పెట్టెలూ దాని వెనక నడుస్తున్నాయి. ఆ అరలోని పెట్టె మాత్రం కనెక్షన్ ఇచ్చిన రోజు పెట్టిన పాస్‌వర్డుతో, డబ్ల్యూపీఎస్ తెరిచి, రేయింబవళ్ళు వీధిలోకి వైఫై పంచుతూనే ఉంది. ముందు గుమ్మానికి కొత్త తాళం వేసి, ఉన్నదన్న సంగతే తెలియని దొడ్డి తలుపును బార్లా తెరిచినట్టయింది. యాప్ దాన్ని చూడలేదు, ఎందుకంటే అది దాని పెట్టె కాదు. రెండు ఇళ్ళనూ విడదీసి పోల్చుకుంటూ వచ్చిన నాకు, రెండో ఇంట్లో మొదటి ఇల్లు దాగి ఉందని అప్పుడు తెలిసింది. విల్లాల్లో చాలా ఇళ్ళు ఇట్లాగే ఉంటాయని నా అనుమానం. కొత్త రౌటరు కొన్నవాళ్ళు పాతదాంట్లో వైఫై ఆపారో లేదో ఈ రోజే చూసుకోవాలి. అరలోని పెట్టెకు లాప్‌టాప్ తగిలించి, స్టిక్కర్ మీది పేరుతో లోపలికి పోయి, దాని వైఫై రెండు బ్యాండ్లూ ఆపేశాను. తమ్ముడి పాస్‌వర్డ్ కూడా మార్పించాను.

గోడల సంగతి కూడా చెప్పాలి. పెద్దమ్మ ఇంటి పాత భాగానికి రెండడుగుల మందపు మట్టిగోడలు. వైఫై వాడే ఐదు గిగాహెర్ట్జ్ తరంగం వాటిని దాటలేదు. 2.4 కొంత దాటుతుంది. పెట్టె వీధి గోడకే ఉన్నందువల్ల సగం సిగ్నల్ రోడ్డు మీద కల్లు దుకాణం దాకా పోతోంది, వంటింట్లోకి మాత్రం రావడం లేదు. పది మీటర్ల తీగ కొనుక్కొచ్చి పెట్టెను నడుమ గదికి మార్చాం. వంటింట్లో ఫోను పలికింది, వీధిలో సిగ్నల్ తగ్గింది. భద్రతకూ వేగానికీ ఒకే మందు పనిచేసిన అరుదైన సందర్భమది. వైఫై చానళ్ళలో ఆరో నంబరు మీద పక్కిళ్ళవి మూడు ఉంటే పదకొండుకు మార్చాను.

అద్దె పిల్లలకు విడిగా అతిథి నెట్‌వర్క్ పెట్టడం ఈ రెండు పేజీల్లో ఎంత తేడాగా ఉందో చెప్పి ముగిస్తాను. తమ్ముడి యాప్‌లో అది ఒక్క మీట. పెద్దమ్మ పేజీలో రెండో ఎస్ఎస్ఐడీ (నెట్‌వర్క్ పేరు) అన్న వరుసను వెతికి, తెరిచి, పేరు పెట్టి, తాళం ఎంచి, ఒకరి పరికరం ఇంకొకరికి కనబడకుండా చేసే గడిలో టిక్కు పెట్టి, భద్రపరిచి, పెట్టె ఆపి మళ్ళీ వేయాలి. నాకు నలభై నిమిషాలు పట్టింది. కానీ ఆ ఇంట్లో అది అత్యవసరం. గేటు కెమెరా, పెద్దమ్మ బ్యాంకు యాప్ ఉన్న ఫోను ఒక వైపు, ఎప్పుడెవరొస్తారో తెలియని మేడ మీది ఫోన్లు ఇంకో వైపు ఉండాలి. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళ పేజీయే అతి కష్టంగా ఉండటం నన్ను ఇంకా వదలని బాధ.

నేను బయలుదేరే ముందు పెద్దమ్మ తమ్ముడి కూతురి నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి తెచ్చింది. మొదటి గీత మీద ఇంటి వైఫై పాస్‌వర్డ్ రాయించింది. రెండో దాని మీద పిల్లలకిచ్చేది. మూడో దాని మీద నేను కొత్తగా మార్చిన పేజీ పాస్‌వర్డ్. నాలుగో గీత ఎవరిదని అడిగాను. ఆఫీసోళ్ళ తాన ఉన్నదానిదన్నది. పెట్టెకు కట్టిన డిపాజిట్ రసీదు పట్టుకుని శంకర్‌పల్లి పోయి అడుగుతుందట. ఇచ్చిన రోజు రాసుకోవడానికి ఆ గీత ఖాళీగా ఉంచి, కాగితాన్ని మడిచి పాస్‌బుక్ కవర్లో పెట్టింది.